రెండు సీట్ల బండికి నాలుగు పేజీల ఫారం

ఆ ఫారం నాలుగు పేజీలు. మొదటి పేజీ మీద కారు బొమ్మ, మిగిలిన మూడింటి నిండా చిన్న చిన్న గడులు. కావలసిన గడిలో టిక్కు పెట్టాలి, అక్కర్లేనిదాన్ని వదిలేయాలి. పడమటి సముద్రం ఒడ్డున ఎక్కడో ఒక చిన్న ఫ్యాక్టరీ వాళ్లు పంపారు దాన్ని. ఆర్డరు వచ్చాకే ఒక్కొక్క బండిని కూర్చి పంపే రకం వాళ్లు. తొంభైల చివరి సంవత్సరాలు అవి. మిర్యాలగూడలో మా అత్తగారి రైసుమిల్లు ఆఫీసు గదిలో, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఆ ఫారం పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. మా అత్త, నా భర్త, ఈ పనికోసమే సూర్యాపేట నుంచి వచ్చిన ఆయన అక్క, నేను.

డబ్బు నాది. మా నాన్న పోయాక అనంతగిరి దగ్గరి పొలంలో నా వాటాకు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ ఫారం చదవగలిగింది కూడా నేనే. ఆ నలుగురిలో కారు నడపడం వచ్చింది నా ఒక్కదానికే. అయినా ఆ కారు స్టీరింగు ముందు నేను కూర్చోవచ్చా కూడదా అన్నది మాత్రం మిగతా ముగ్గురూ తేల్చాలి. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే. రంగు వాళ్లిష్టం, చక్రాలు వాళ్లిష్టం. నడిపేది నేను.

నాకు బండి నేర్పింది మా నాన్న. ఎనభైలలో మాకు కోదాడలో చిన్న మిల్లు ఉండేది. పెద్ద సిమెంటు కళ్లం, దాని మీద ఉడికిన వడ్లు ఆరబోసేవాళ్లు. ఒక కుప్పకూ ఇంకో కుప్పకూ మధ్య జీపు పట్టేంత దారి వదిలేవాళ్లు. ఆ దారుల్లోనే తిరిగి తిరిగి నేర్చుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్లు.

“క్లచ్ మీద కాలు పెట్టి కూర్చోమాకమ్మా, అదేమన్నా పీటనుకున్నావా?” అనేవాడు నాన్న.

కాళ్లతో వడ్లు తిరగేసే ఆడవాళ్లు చీరలు ఎగగట్టుకుని పక్కకు ఉరికేవాళ్లు. “ఓ చిన్నమ్మా, మా కాళ్ల మీంచి పోనియ్యమాకు తల్లీ, ఇంటికాడ పిల్లలున్నారు!” అని అరిచి నవ్వేవాళ్లు. ఒక్క గింజ తొక్కకుండా ఆ కుప్పల మధ్య జీపును వెనక్కి నడిపిన మరునాడు నాన్న తాళంచెవి నా చేతికిచ్చి తాను పక్క సీట్లో కూర్చున్నాడు. హుజూర్‌నగర్ దాకా వెళ్లి వచ్చాం. ఆయన చివరిదాకా నాతో మాట్లాడకుండా బయటికి చూస్తూ కూర్చున్నాడు. నన్ను అంతగా నమ్మిన మనిషి మళ్లీ నాకు దొరకలేదు. ఇది దుఃఖంతో రాయడం లేదు, ఫిర్యాదుగానే రాస్తున్నాను.

నా భర్తకు బండి రాదు. పెళ్లికి ముందే ఒకసారి ప్రయత్నించాడట. మిల్లు గేటులోంచి అంబాసిడర్‌ను లోపలికి తెస్తూ బ్రేకు బదులు ఇంకోటి తొక్కి ఊక కుప్పలోకి దూసుకుపోయాడు. కారు సగందాకా ఊకలో మునిగింది. తలుపు తెరుచుకోక కిటికీలోంచి లాగారు. బయటికి వచ్చిన మనిషికి కనుబొమలతో సహా ఊకేనని హమాలీలు నాకు చెప్పారు. నేనడిగితేనే చెప్పారు. ఆయన ఇంకెప్పుడూ స్టీరింగు ముట్టలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. నేను మాత్రం పెళ్లయిన మొదటి నెలలోనే ఎత్తాను. అది నా తప్పని ఇప్పటికీ అనుకోను. నా బట్టల మీద, నా మాట మీద, నా రంగు మీద వాళ్లు నవ్వుతుంటే నేనొక్కసారి ఊక మీద నవ్వితే అంత నేరమా?

అసలు అవమానం సూర్యాపేటలో జరిగింది. కొత్తగా పెళ్లయిన ఏడాది. వాళ్ల అక్క ఇంట్లో గృహప్రవేశం. డ్రైవరుకు జ్వరం వచ్చి పడుకుంటే అంబాసిడర్ నేను నడిపాను. ఆయన నా ఎడమ పక్కన కూర్చున్నాడు. దారిలో బాగానే ఉన్నాడు. ఒకచోట గేదెలు అడ్డం వస్తే నేను ఆపిన తీరు చూసి “మంచిగ ఆపినవ్” అని కూడా అన్నాడు. సూర్యాపేటలో ఆ ఇంటిముందు షామియానా కింద ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. నేను దిగాను. ఆయన అవతలి పక్క నుంచి దిగాడు. వాళ్ల అక్క హారతి పళ్లెం పట్టుకుని వచ్చి, గుమ్మం మీదనే ఆగింది.

“ఏం తమ్మీ, పెండ్లాం తోలుకొస్తే వచ్చినవా? మెడల పలుపు మర్సిపోయిందా?”

షామియానా మొత్తం నవ్వింది. అక్కడితో ఆపలేదామె. పంతులు వైపు తిరిగి, “అయ్యగారూ, ఆడిది మొగని కుడిపక్కన కూసునుడు శాస్త్రంల ఉన్నదా?” అని అడిగింది.

పంతులు తాంబూలం కోసం చూస్తున్నాడు. “భార్య ఎప్పుడూ ఎడమనే ఉండాలమ్మా, వామభాగం” అన్నాడు. ఆయనకు కారు గొడవ తెలియదు. తెలిసినా అదే అనేవాడు.

తిరుగు ప్రయాణానికి నా భర్త సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక కిరాయి డ్రైవరును పిలుచుకొచ్చాడు. నన్ను వెనక సీట్లో, తనకు ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. తరువాత పదకొండేళ్లు నేను ఆ సీటులోనే ప్రయాణం చేశాను. నాకు మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ రోడ్లన్నీ ఎడమ సగమే తెలుసు. ఎడమవైపు ఏ దుకాణం ఎప్పుడు మూసేశారో, ఏ కాలువ గట్టు ఎప్పుడు తెగిందో చెప్పగలను. ముందు ఏం వస్తున్నదో చెప్పలేను. ఎప్పుడు అడిగినా మా అత్తది ఒకటే మాట: “మొగనికి కుడిపక్క కూసునే ఆడిది మా ఇంట్ల ఒద్దు బిడ్డా. గది మీ కోదాడల నడుస్తదేమో.”

కోదాడ అనే మాటను ఆమె ఎంగిలి ఆకు ఎత్తినట్టు పలికేది. “ఆంధ్రోళ్ల గాలి తగిలిన ఊరు” అనేది. కోదాడకూ మిర్యాలగూడకూ మధ్య ఎంత దూరమని? కానీ నేను “చూడండి” అంటే “సూడుండ్రి” అని దిద్దేది, మళ్లీ నేను “సూడుండ్రి” అంటే ఎక్కిరిస్తున్నానని ఏడ్చేది.

ఆ రెండు సీట్ల కారు బొమ్మను నేను మొదట హైదరాబాద్‌లో పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుని చూశాను. ఇంగ్లీషు పత్రికలో ఉంది. వెనక సీటు లేని కారు. ఆ ముక్క చదివి పత్రిక మూశాను, మళ్లీ తెరిచి చదివాను. వెనక సీటే లేకపోతే నన్ను అందులో ఎలా కూర్చోబెడతారు? ఇంటికి వచ్చి నా డబ్బుతో అది కొంటానన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే నా భర్త ఒప్పుకున్నాడు. ఆ నెలలోనే ఎదురు మిల్లు యజమాని పొడుగాటి కొత్త కారు తెచ్చి మా గేటు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. మా ఆయనకు జిల్లాలో ఎవరి దగ్గరా లేనిది కావాలి. “ఫారం నా పేరున నింపాలె” అన్నాడు. సరే అన్నాను. పేరు ఎవరిదైతే ఏమిటి, తొక్కే కాలు నాది అనుకున్నాను. అంత తెలివితక్కువగా నేను ఆలోచించిన సందర్భాలు తక్కువ.

ఇక ఫారం. నేను ఒక్కొక్క గడీ చదివి తెలుగులో చెప్పాలి, వాళ్లు తీర్పు చెప్పాలి, నేను టిక్కు పెట్టాలి.

“ఇంతకు ఎందరు కూసుంటరే దీంట్ల?” అంది అత్త బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని.

“ఇద్దరే అత్తమ్మా.”

“మరి నన్ను యాడ పెడ్తరు? డిక్కీలనా?”

“డిక్కీ కూడా చిన్నదే” అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. “ఇన్నవా రా? కొలత గూడ తీసింది.”

మొదటి గడి టాపు. గుడ్డ టాపు అయితే వెనక్కి మడవవచ్చు, గాలి వస్తుంది. గట్టి టాపు అయితే మూసుకుని ఉంటుంది. నాకు గుడ్డది కావాలని ఉంది. ఆడబిడ్డ నా మొహంలోకి చూసి, “వద్దు మరదలా, టాపు తీస్తే ఎండ పడతది. గిప్పుడే ఉన్న రంగు సాలదా?” అంది. నా భర్త నవ్వాడు. గట్టి టాపుకు టిక్కు పెట్టాను.

రంగులు చిన్న అట్ట మీద గోరంత ముక్కలుగా అతికించి పంపారు. ఎరుపు ఫైరింజనుకు వేస్తారని తీసేశారు. నలుపు శని. తెలుపు అంబులెన్సు. నీలం గురించి అత్త ఆలోచించి, మా మామగారు దవాఖానలో పోయినప్పుడు ఆ గది గోడలు అదే రంగని ఏడ్చింది. చివరికి మిగిలింది పసుపు. పసుపు శుభం అన్నారు. పసుపు స్పోర్ట్సు కారు ఎలా ఉంటుందో నాకు తెలుసు, చెప్పలేదు. నా బేరం వేరే గడి దగ్గర ఉంది.

సీట్ల దగ్గరికి వచ్చాం. గుడ్డ సీట్లు మామూలు. తోలు సీట్లు కావాలంటే వేరే గడి.

“ఏం తోలు?” అంది అత్త.

“రాయలేదు. ఆవుదో గేదెదో అయి ఉంటుంది.”

ఆమె ఫారం మీదినుంచి చెయ్యి తీసేసి చీరకు తుడుచుకుంది. “ఛీ ఛీ! నీసు ముట్టని కొంప ఇది. గొడ్డు తోలు మీద కూసుని గుడికి పోతరా?” అని, పనిమనిషిని పిలిచి నీళ్లు తెప్పించుకుని చెయ్యి కడుక్కుంది. కాగితం ముట్టుకున్నందుకు. నేను గుడ్డ సీట్లకు టిక్కు పెట్టాను. స్టీరింగు తొడుగు కూడా తోలేనని నా భర్త గుర్తు చేస్తే దాన్నీ కొట్టేశాను.

పాటలపెట్టె ఆయనకు కావాలి, పెట్టాను. వెండిరంగు చక్రాలు ఆయనకు కావాలి, పెట్టాను. పక్క అద్దం డ్రైవరు వైపు ఒకటే ఇస్తారు, రెండోవైపు కావాలంటే అడగాలి. “పెట్టు. నేను గూడ ఎనక సూస్కోవాలె గదా” అన్నాడు. ఏం చూసుకుంటాడో నాకు అర్థం కాలేదు కానీ పెట్టాను. పక్క సీటు తనదని ఆ మాటతో ఆయనే ఒప్పుకున్నాడని సంతోషించాను.

మూడో పేజీ అడుగున రెండు గడులు ఉన్నాయి. స్టీరింగు కుడివైపా, ఎడమవైపా? కింద సన్నటి అక్షరాలతో ఇంకేదో ఉంది. నేను అది చదవలేదు. పై మాటే చదివాను.

“స్టీరింగు ఎడమకు ఎట్ల ఉంటది?” అన్నాడు నా భర్త.

“పరాయి దేశాల్లో అలాగే ఉంటుంది. కావాలంటే ఎటువైపైనా పెట్టి ఇస్తారట.”

ఆయనకు నవ్వొచ్చింది. అక్క వైపు తిరిగాడు. “అయితే మంచిదే అక్కా. ఎడమకు పెట్టిస్తే ఇది తోలినా నా ఎడమ పక్కనే ఉంటది. శాస్త్రం తప్పినట్టు గాదు.”

“ఔ మల్ల!” అంది ఆడబిడ్డ తొడ చరుచుకుంటూ. “పంతులు గూడ ఏమనడు. అమ్మా, ఇన్నవా? నీ కోడలుకు ఎడమ స్టీరింగట!”

అత్త కూడా నవ్వింది. పళ్లు లేని నోటితో, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. “గట్లయితే నాదేం లేదు. తోలుకోమను. మొగని ఎడమ పక్కన కూసుని ఏం తోలుకున్నా తోలుకోమను.”

ముగ్గురూ నవ్వుతుండగా నేను ఎడమ గడిలో టిక్కు పెట్టాను. పెన్ను గట్టిగా నొక్కాను, వెనక పేజీ మీద కూడా గుర్తు పడేలా.

నవ్వు ఆగింది. “ఏయ్, నిజంగనే పెట్టినవా?” అన్నాడు.

“అత్తమ్మ ఒప్పుకున్నది. మీరన్నారు, వదినె సాక్షి. మాట అంటే మాటే కదా ఈ ఇంట్లో?”

మిల్లు వాళ్ల ఇళ్లల్లో మాట వెనక్కి తీసుకోవడం చాలా చిన్నతనం. వడ్ల బేరం నోటిమాట మీదనే జరుగుతుంది. వాకిట్లో నిడమనూరు రైతులు ఇద్దరు కూర్చుని అంతా వింటున్నారు. అత్త వాళ్ల వైపు చూసి, నా వైపు చూసి, “పెట్టనీ రా” అంది. ఆయన సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే నా డబ్బు కట్టి ఫారం పంపాం. ఎడమ స్టీరింగుతో మన రోడ్ల మీద ఎదురు వచ్చే లారీని ఎలా దాటాలో నేను అప్పుడు ఆలోచించలేదు. నేర్చుకునేదాన్ని. కుప్పల మధ్య వెనక్కి నడపడం నేర్చుకోలేదా?

ఆ మూడు వారాలు నేను సుఖంగా ఉన్నాను. రాత్రుళ్లు పడుకుని ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చేత్తో గేరు వేయడం అలవాటు చేసుకున్నాను.

తరువాత ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగా రాశారు. ఎడమ స్టీరింగు విదేశాలకు పంపే బండ్లకు మాత్రమేనని ఫారంలోనే రాసి ఉన్నదట, మన రోడ్ల మీద తిరిగే బండికి ఇవ్వలేరట. కుడివైపు సమ్మతమైతే పదిహేను రోజుల్లో తెలియజేయాలి. రద్దు చేసుకోవాలన్నా తెలియజేయవచ్చు, కట్టిన డబ్బు తిరిగి పంపుతారు.

చదివి చెప్పాను. దాచి ఉండవచ్చు, కానీ అప్పటికింకా నాకు వాళ్ల మీద కొంత నమ్మకం ఉంది. కుడి స్టీరింగు అయినా సరే, ఒకసారి మాట ఇచ్చారు కదా అనుకున్నాను.

“నేను మాట ఇచ్చింది ఎడమ దానికి” అంది అత్త. “కుడి దానికి ఇయ్యలే.”

“మరి ఎవరు నడుపుతారు?”

“డ్రైవర్ తోలుతడు, నేను పక్కన కూసుంట” అన్నాడు నా భర్త. అప్పటికప్పుడు ఆలోచించి చెప్పిన మాట కాదది. ఎన్నాళ్ల నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టు చెప్పాడు.

“రెండే సీట్లు. నేను ఎక్కడ కూర్చోవాలి?”

అప్పుడే సూర్యాపేట నుంచి ఫోను వచ్చింది. ఆయన అక్కకు విషయం చెప్పి, నవ్వుతూ రిసీవరు నా చేతికిచ్చాడు.

“ఏం మరదలా, పరేషాన్ కాకు” అంది ఆడబిడ్డ. “ఎర్ర బస్సున్నది గద. ఎడమ దిక్కు కిటికీ సీటు పట్టుకో, నీకు అలవాటే.”

నేను ఫోను పెట్టేసి, ఆ డబ్బు మా నాన్నదని అన్నాను. పదకొండేళ్లలో డబ్బు కోసం నేను వాదించడం అదే మొదటిసారి.

“మీ అయ్య సచ్చిపోతే వచ్చిన పైసలు” అంది అత్త దంచిన వక్క చప్పరిస్తూ. “ఆయన బతికుంటే యాడివి నీకు? మా అదృష్టంల వచ్చినయ్.”

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో కోపం కూడా లేదు. బియ్యంలో రాయి ఏరినట్టు తీరికగా అంది. నా భర్త విన్నాడు. వేలి ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. మా నాన్న పోయి అప్పటికి ఏడాది నిండలేదు.

మరునాడు ఆయన నన్ను పిలిచి జవాబు రాయమన్నాడు. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాస్తాను. ఆయన పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ఇంగ్లీషులో రెండక్షరాలు వేసి కింద గీత గీస్తాడు, అంతే.

“కుడి స్టీరింగు మంజూరు, జల్ది పంపుండ్రి అని రాయ్.”

రాశాను. మూడు వాక్యాలు. ఆర్డరు రద్దు చేసుకుంటున్నాం. కట్టిన డబ్బు ఈ చిరునామాకు పంపండి. ఇక ఉత్తర ప్రత్యుత్తరాలు అవసరం లేదు.

“ఏం రాసినవ్?”

“మీరు చెప్పిందే.”

రెండక్షరాలు వేసి గీత గీశాడు. నాన్న సంవత్సరీకానికి కోదాడ వెళ్లినప్పుడు ఆ కవరు అక్కడ పోస్టు చేశాను. రిజిస్టరు చేయించాను. రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ తరువాత నాలుగు నెలలు గడిచాయి. వాటి గురించి కొందరు నన్ను తప్పుపట్టారు. మా చెల్లెలు, “అంతలా ఎందుకు చేశావక్కా, ఒక మాట చెప్పేస్తే పోయేది కదా” అంది. చెప్పడానికి ప్రతిరోజూ నాకు అవకాశం ఉంది. ప్రతిరోజూ చెప్పలేదు.

మిల్లులో పనిచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం తినే రేకుల పందిరి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి ఆయన కారుకు షెడ్డు కట్టించాడు. ఆ ఆడవాళ్లు గోడ నీడను బట్టి జరుగుతూ తిన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఫారం మొదటి పేజీ మీది బొమ్మను కత్తిరించి అద్దం కట్టించి ఆఫీసులో పెట్టాడు. నల్ల కళ్లద్దాలు కొన్నాడు. డ్రైవరుకు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా కుట్టించాడు. ఆ డ్రైవరు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, “అమ్మా, ఆ బండి మీరు తోలాల్సింది. సేటుకు చెప్పి నేను వద్దంట” అన్నాడు. అతనికి కూడా చెప్పలేదు. “నీ పని నువ్వు చెయ్” అన్నాను. అతను మంచి మనిషి. అందుకు మాత్రం కొంచెం బాధగా ఉంది.

పోస్టుమాను కనబడితే చాలు, ఆయన గేటు దాకా నడిచేవాడు. మాడుగులపల్లి నుంచి వడ్లు తెచ్చే రైతులు కూడా అడగడం మొదలుపెట్టారు. “సేటూ, పసుపు కారు యాడిదాకొచ్చింది?” ఎదురు మిల్లు యజమాని అయితే రోడ్డు మీదినుంచే కేకవేసేవాడు: “ఏం సేటూ, కారు నడుసుకుంట వస్తుందా?” వాళ్ల అక్క కూడా సొంత తమ్ముణ్ణి వదల్లేదు. “తమ్మీ, ఊక కుప్ప జర పక్కకు జరిపియ్, కారొచ్చేటాళ్లకు” అందట ఫోనులో. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

శ్రావణమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. సూర్యాపేట నుంచి ఆడబిడ్డ వచ్చింది. ఊళ్లోని మిల్లుల వాళ్ల ఆడవాళ్లు పదిహేను ఇరవై మంది వచ్చారు. ప్రసాదాలు అయి, ఆకులు వేసి, హాల్లో పంక్తి కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే సమయానికి పోస్టుమాను వచ్చాడు. ఫ్యాక్టరీ ముద్ర ఉన్న పొడుగు కవరు.

ఆయన గేటు దగ్గరే కవరు తడిమి చూసి పరుగులాంటి నడకతో హాల్లోకి వచ్చాడు. పట్టుపంచె మీదే ఉన్నాడు. ఆయన మొహం అంత చిన్నపిల్లవాడిలా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

“వచ్చింది! బండి తారీకు వచ్చింది!” అని కవరు నా ఆకు పక్కన పెట్టాడు. “సదువు. గట్టిగ సదువు, అందరు ఇననీ.”

నా కుడి చెయ్యి ఎంగిలి. ఎడమ చేత్తో కవరు చించాను. లోపల ఒక డ్రాఫ్టు, చిన్న ఉత్తరం. అది చదువుకుని తలెత్తాను. ఇక్కడ ఆగాలని నాకు తెలుసు. “లోపలికి రండి, చెప్తాను” అనవచ్చు. “ఇంకో నెల పడుతుందట” అనవచ్చు. ఆయన కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. పక్కన ఆడబిడ్డ పులిహోర నములుతూ, “సదువు మరదలా, ఇంగ్లీషు మర్సినవా?” అంది.

గట్టిగా చదివాను. ముందు ఇంగ్లీషులో, తరువాత తెలుగులో, ఒక్క ముక్క వదలకుండా. “మీరు సంతకం చేసి పంపిన ఉత్తరం ప్రకారం మీ ఆర్డరు రద్దు చేశాం. మీరు కట్టిన మొత్తానికి డ్రాఫ్టు జతపరిచాం. మీ వరుసలోని బండిని తరువాతి వారికి ఇచ్చాం.”

వడ్డించేవాడు పప్పు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

“నేను రద్దు చేయలే” అన్నాడు నా భర్త. అందరి వైపూ తిరిగి చెప్పాడు. “నేను చేయలే. నేనెందుకు చేస్త?”

“చేశారు” అన్నాను. “నేను రాశాను. మీరు సంతకం పెట్టారు.”

“నువ్వు... నేను చెప్పింది రాయలేదా?”

“లేదు.”

“మరి నాలుగు నెలలు?”

“నాలుగు నెలలూ నాకు తెలుసు.”

ఎదురు మిల్లు యజమాని భార్య తల వంచుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. సాయంత్రానికి ఈ మాట మిర్యాలగూడ అంతా తిరుగుతుందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. సంతకం కింద ఏముందో చదవలేని మిల్లు యజమాని. రేపు పొద్దున రైతులు ఆయన ముఖం ఎలా చూస్తారో కూడా ఇద్దరికీ తెలుసు. ఆయన అక్కడే, ఆకుల వరస మధ్య, పట్టుపంచె అంచు పప్పులో తడుస్తుండగా నిలబడ్డాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

“మళ్లీ రాయొచ్చు” అన్నాడు చాలా చిన్నగా. “మళ్లీ ఆర్డర్ రాస్తవా?”

“మీరే రాసుకోండి.”

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. గొళ్లెం పెట్టుకున్న శబ్దం వినబడింది. ఆయన మళ్లీ రాయించలేదు. రాయించాలంటే ఇంకొకరికి ఈ కథ మొత్తం చెప్పాలి.

పంక్తిలో ఎవరూ చెయ్యి కదపడం లేదు. మా అత్త మాత్రం తన ముద్ద తాను కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

“ఇంత తెలివున్నదానివి, ఒక్క సీటు బండి దొరకలేదానే నీకు?”

ఆమె నన్ను గెలిచిన మాటలు చాలా ఉన్నాయి. ఇదొకటి. ఇరవై మంది ఆడవాళ్లు నా జవాబు కోసం చూస్తున్నారు.

“దొరికితే అదే కొనేదాన్ని అత్తమ్మా” అన్నాను. డ్రాఫ్టు మడిచి నా నడుముకు దోపుకున్నాను. అది ఆయన పేరున ఉంది, నాకు చెల్లదు. ఆ ఇంట్లో ఎవరైనా అడిగితేనే ఇద్దామనుకున్నాను. అత్త వడ్డించేవాడికి సైగ చేసింది. అతను వచ్చి మా ఇద్దరి ఆకుల్లోనూ పప్పు వేసి ముందుకు వెళ్లాడు.